నీటి చదువు

గడ్డకట్టిన నీటిమీద నేలమీద నడిచినట్లు నడిచి వెళ్ళి, దానికి రంధ్రం చేసి, ఆ రంధ్రంలో గాలం వేసి చేపలు పడతారని చెబితే మా ముండ్లమూరు ప్రాంతంలో నమ్మేవారు తక్కువ. మాది ఎండల సీమ. వాన ఎప్పుడు కురుస్తుందో, చెరువులో నీరు ఎన్నాళ్ళు నిలుస్తుందో లెక్కలు కట్టుకొంటూ బతికే పల్లెలు మావి. అక్కడ పుట్టి, దాదాపు ముప్పై ఏళ్ళుగా ప్రబంధాలలోని ఋతువర్ణనలను పాఠం చెబుతున్న నాకు శిశిరమంటే ఆకులు రాలే కాలం, తెల్లవారుజామున గడ్డిపరకల మీద మంచుబిందువులు మెరిసే కాలం. నీరు రాయిగా మారే శిశిరాన్ని మొదటిసారి 2025 జనవరిలో చూశాను. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి దగ్గరకు వెళ్ళినప్పుడు, అక్కడి మిన్నెటోంకా సరస్సు మీద ఒక పగలంతా అరచేయంత చేప కోసం వెదికాము. ఆ వెదుకులాటలో నాకు మా చిన్నాయన మళ్ళీ కనిపించాడు. అందుచేత ముందుగా ఆయనను గురించి చెప్పాలి.

మా చిన్నాయన సేద్యగాడు. నాలుగో తరగతితో చదువు మానేశాడు. పొలం పని లేని పూటల్లో భుజాన వెదురు గాలం, చేతిలో ఎర్రలు నింపిన కొబ్బరిచిప్ప పట్టుకొని చెరువు వైపు నడిచేవాడు. జొన్నదంటు లోపలి బెండును వేలెడంత కోసి దారానికి కట్టేవాడు. నీటిమీద తేలే ఆ బెండే చేప రాకను చెప్పే వార్తాహరుడు. అయితే చెరువు చేరగానే గాలం వేయడం ఆయన అలవాటు కాదు. కట్టమీద కూర్చుని, చుట్ట వెలిగించి, చాలాసేపు నీటివైపు చూస్తూ ఉండేవాడు.

"ఏం చూస్తున్నావు చిన్నాయనా?" అని నేను చిన్నతనంలో అడిగితే, "చదువుకుంటున్నాలేరా అబ్బయా" అని నవ్వేవాడు.

ఆయన చదివేది నిజంగా ఒక గ్రంథమేనని అప్పుడు నాకు తెలియదు. గాలి ఏ ఒడ్డుకు కొడుతున్నదో చూసేవాడు; గాలితోపాటు పురుగూ పుట్రా ఆ ఒడ్డుకు చేరతాయి, వాటి వెనుక చేపలు చేరతాయి. తామరాకు గాలి లేకుండానే కదిలితే దాని తూడును ఏదో రాసుకొని పోయిందని గ్రహించేవాడు. బుడగలు ఒకేచోట వస్తున్నాయా, వరుసగా సాగుతున్నాయా అని గమనించేవాడు. కొరమీను మొప్పలతోనే కాక, నీటిపైకి వచ్చి గాలిని కూడా పీల్చుకొంటుంది. అందుకే వేసవిలో చెరువు అడుగంటి మిగతా చేపలు చనిపోయినా అది బురదనీటిలోనే నెట్టుకొస్తుంది. అది ఒకసారి పైకి వచ్చి మునిగిన చోటును గుర్తుపెట్టుకొని, తిరిగి ఎక్కడ తేలుతుందో చిన్నాయన వేలు పెట్టి చూపేవాడు. తక్కిన చేపలు తెల్లవారుజామున నోళ్ళు తెరిచి నీటిపైకి వస్తే, "రాత్రి వీటికి ఊపిరాడలేదురా" అనేవాడు. రాత్రివేళ నీటిమొక్కలు ప్రాణవాయువును విడుదల చేయవని, తామే దానిని వాడుకొంటాయని, అందువల్ల తెల్లవారేసరికి నీటిలో అది బాగా తగ్గిపోతుందని నేను తరువాత పుస్తకాలలో చదివాను. కారణం ఆయనకు తెలియదు. కార్యం మాత్రం కళ్ళారా చూశాడు.

చేపలు ఎక్కడున్నాయో ఎలా తెలుస్తుందని అడిగితే ఆయన ఏడు చేపల కథను గుర్తుచేసేవాడు. రాజుగారి ఏడుగురు కొడుకులు తెచ్చిన చేపల్లో ఒకటి ఎండని ఆ కథ వినని తెలుగు బిడ్డ ఉండడు. చేపను అడిగితే గడ్డిమోపు మీద, గడ్డిమోపును అడిగితే ఆవు మీద, అలా ఒకరినుండి ఒకరికి కారణం మారుతూ చివరకు చీమ దాకా పోతుంది. "చేప కనబడకపోతే దానిమీద కోప్పడి ఏం లాభం? చీమ దాకా అడుక్కుంటూ పోవాల" అనేవాడు చిన్నాయన.

నేను పెద్ద చదువులకు వెళ్ళాను. ప్రాచీన కావ్యాల తాళపత్రప్రతులను పరిశీలించి, 1998లో డాక్టరేటు పట్టా పొందాను. ఆ సంవత్సరమే ఒకనాడు మా యింటికి నా సహాధ్యాపకులు కొందరు వచ్చారు. వసారాలో కూర్చుని పాఠాంతరాలను గురించి చర్చిస్తున్నాము. ఆ సమయంలో మోకాళ్ళదాకా తడిసిన పంచెతో, తాటినారకు గుచ్చిన చేపలతో చిన్నాయన వీధి గుమ్మంలో నిలబడ్డాడు. నలుగురిలో నామోషీగా తోచింది. "పెద్దమనుషులు వచ్చినప్పుడు ఈ అవతారమేమిటి చిన్నాయనా? ఎన్నాళ్ళిలా చెరువు గట్టున కాలం వృథా చేస్తావు?" అన్నాను.

ఆయన మారుమాట పలకలేదు. పెరటివైపు తిరిగి వెళ్ళి చేపలను మా అమ్మ చేతికిచ్చి వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నం ఆ చేపల పులుసునే అతిథులు మెచ్చుకొంటూ భుజించారు. ఆ తరువాత ఆయన మా యింటికి ఎన్నోసార్లు వచ్చాడు. కాని మళ్ళీ వీధి గుమ్మంలోంచి రాలేదు. 2011లో కాలం చేసేదాకా పెరటి దారినే వచ్చి, పెరటి దారినే వెళ్ళాడు. క్షమించమని అడగడానికి నాకు పదమూడేళ్ళ వ్యవధి దొరికింది. అడగలేదు.

ఇక మిన్నెసోటాకు వస్తాను. ఆ రాష్ట్రాన్ని పదివేల సరస్సుల నేల అంటారు. పది ఎకరాలకు మించినవే 11,842 సరస్సులు అక్కడ ఉన్నాయి. వాటిలో మిన్నెటోంకా సుమారు 14,500 ఎకరాల విస్తీర్ణం గలది. అనేకమైన అఖాతాలు చేతివేళ్ళవలె నలువైపులకు చాచుకొని ఉంటాయి. ఆ భూమి డకోటా, ఒజిబ్వే జాతుల ఆదివాసులది. కొయ్యతో చేసిన బొమ్మచేపను మంచురంధ్రంలో ఆడించి, దానిని చూడవచ్చిన పెద్దచేపను ఈటెతో పొడిచి పట్టడం వారి ప్రాచీన విద్య.

సంక్రాంతి వెళ్ళిన శనివారం ఉదయం మా అబ్బాయి నన్ను వెంటబెట్టుకొని బయలుదేరాడు. అంతకుముందే నా పేర చేపలు పట్టే అనుమతి పత్రం కొన్నాడు. ఒంటిమీద నాలుగు పొరల దుస్తులు, కాళ్ళకు ఏనుగు పాదాల వంటి బూట్లు. సరస్సు ఒడ్డున నా అడుగు ఆగిపోయింది. కనుచూపు మేర తెల్లని మైదానం. దానిమీద రంగురంగుల చిన్నచిన్న గుడారాలు. "మనిషి నడవడానికి 4 అంగుళాల గట్టి మంచు చాలు నాన్నా. ఇక్కడ అడుగు పైనే ఉంది" అని మా అబ్బాయి ధైర్యం చెప్పాడు. అంతలో పాదాల కింద, ఎక్కడో దూరంగా, మేఘగర్జన వంటి శబ్దం వినిపించింది. ఉష్ణోగ్రత మారేకొద్దీ మంచు వ్యాకోచించి, సంకోచించే చప్పుడట. అబ్బాయి చేయి పట్టుకొన్నాను. వాడు చిన్ననాడు చెరువు కట్టమీద నా చేయి పట్టుకొన్నట్లే పట్టుకొన్నాను.

ఇంత చలిలో నీటి అడుగున ప్రాణులెలా బతుకుతాయని నేను అడిగాను. దీనిలో ప్రకృతి చేసిన ఒక గొప్ప ఏర్పాటు ఉన్నది. సాధారణంగా ఏ పదార్థమైనా చల్లబడేకొద్దీ బరువెక్కుతుంది. నీరు మాత్రం 4 డిగ్రీల సెంటీగ్రేడు వరకే అలా ప్రవర్తించి, అంతకంటె చల్లబడితే తేలికవుతుంది. అందువల్ల గడ్డకట్టిన నీరు పైన తేలుతుంది; 4 డిగ్రీల నీరు అడుగున నిలుస్తుంది. పైనున్న మంచు దుప్పటివలె కింది వెచ్చదనాన్ని కాపాడుతుంది. నీరు కూడా ఇతర పదార్థాల వలెనే ప్రవర్తించి ఉంటే, సరస్సులు అడుగునుండి గడ్డకట్టి, జలచరాలకు చలికాలంలో నిలువనీడ లేకపోయేది.

మేము వెదుకుతున్న చేప పేరు బ్లూగిల్. నీలిమొప్పల చేప అని అర్థం. పలకవంటి శరీరం, చిన్న నోరు, మొప్పల దిగువన నీలిఛాయ, మొప్ప రెక్క కొసన కాటుక పెట్టినట్లు నల్లని మచ్చ. అందమైన చేపే గాని మహా అనుమానపు జీవి. ఎర దగ్గరకు వచ్చి, కన్నార్పకుండా పరిశీలించి, ఏ మాత్రం తేడా కనిపించినా వెనుదిరుగుతుంది. చన్నీటిలో దాని ఒంట్లో జీవక్రియలు మందగిస్తాయి. ఆకలి తక్కువ, కదలిక తక్కువ. అందుచేత అది మనవద్దకు రాదు. మనమే దానివద్దకు వెళ్ళాలి.

మా అబ్బాయి వడ్రంగి బర్మాను పదింతలు పెంచినట్లున్న యంత్రంతో మంచుకు రంధ్రం చేశాడు. నీలపు నీరు ఉబికి వచ్చింది. గుండ్రని తెర గల సోనార్ పరికరాన్ని అందులోకి దించాడు. అది శబ్దతరంగాలను పంపి, అవి తిరిగివచ్చే కాలాన్ని బట్టి అడుగు ఎంత లోతున ఉన్నదో, మధ్యలో ఏమి ఉన్నదో రంగుల గీతలుగా చూపుతుంది. మెంతిగింజంత లోహపు గుండుకు అతికించిన చిన్న కొక్కెం, దానికి ఒక తెల్లని పురుగు, మూరెడు కర్ర, వెంట్రుక వంటి దారం. ఇదీ గాలం. మిగతా వాళ్ళ గుడారాలు ఎక్కువగా ఉన్న చోటే మేమూ మొదలుపెట్టాము. తెరమీద చేపల గీతలు కనిపించాయి. ఎరదాకా వచ్చాయి. ఆగాయి. వెళ్ళిపోయాయి. రెండు గంటలు గడిచాయి. ఒకటి రెండు వేలెడంత పిల్లలు తప్ప ఏమీ తగలలేదు.

"యంత్రం చూపిస్తూనే ఉంది గదరా, ఎందుకు దొరకవు?" అన్నాను.

మా అబ్బాయి గాలం పైకి లాగి, కొక్కేనికి చుట్టుకొన్న నాచుపోగును నా చేతిలో పెట్టాడు. అది గోధుమరంగుకు తిరిగి, వేళ్ళమధ్య చితికిపోయింది.

"యంత్రం చేప ఉందని చెబుతుంది నాన్నా. ఎందుకుందో, ఎందుకు లేదో చెప్పదు. చీమ దాకా అడుక్కుంటూ పోవాల."

నేను ఉలిక్కిపడి వాడి ముఖంలోకి చూశాను. వాడు నవ్వుతూ లేచి, సామాను బండిమీద సర్దుతూ చెప్పసాగాడు. డిసెంబరులో కొత్తగా మంచు కట్టినప్పుడు ఒడ్డు దగ్గరి మొక్కల మధ్య బ్లూగిల్ పుష్కలంగా ఉంటుంది. తరువాత మంచుమీద హిమం దట్టంగా పేరుకొంటుంది. ఎండ లోపలికి పోదు. ఎండ లేక మొక్కలు వాడిపోతాయి. కుళ్ళుతున్న మొక్కలు ప్రాణవాయువును విడుదల చేయకపోగా, ఉన్నదానిని హరిస్తాయి. అప్పుడు పురుగులు తగ్గుతాయి, చేపలూ కదలిపోతాయి. చాలా చేపలు ఇరవై, ముప్పై అడుగుల లోతుకు వెళ్ళి, మెత్తని బురదలోని ఎర్రని పురుగులను, నీటిలో తేలియాడే సూక్ష్మజీవులను తిని బతుకుతాయి. లోతు తక్కువైన సరస్సులలో హిమం మరీ ఎక్కువైన ఏటి చివర ఊపిరాడక చేపలు మూకుమ్మడిగా చనిపోవడమూ ఉన్నది. ఆ మాట వినగానే మా చెరువులో తెల్లవారుజామున నోళ్ళు తెరిచిన చేపలు గుర్తుకొచ్చాయి. అక్కడ వేసవి, ఇక్కడ శిశిరం. ఆపద మాత్రం ఒక్కటే.

"అయితే ఇప్పుడు ఎటు పోదాం?" అని అడిగాను.

"చేపకు పురుగు కావాలి. పురుగుకు పచ్చని మొక్క కావాలి. మొక్కకు ఎండ కావాలి. ఎండ లోపలికి పోవాలంటే పైన హిమం ఉండకూడదు. హిమాన్ని ఊడ్చేది గాలి. గాలి ఎక్కడ ఊడ్చిందో చూడు నాన్నా."

నేను తలెత్తి చూశాను. చిన్నాయన కట్టమీద కూర్చుని చూసినట్లు, తొందర లేకుండా, ఎడమనుండి కుడికి చూశాను. అఖాతం మలుపులో ఒక నేలముక్క మొనవలె సరస్సులోకి చొచ్చుకొనిపోయింది. దాని పక్కన తెల్లదనం మధ్య ఒకచోట మంచు నల్లగా, అద్దంవలె కనిపించింది. వేలు పెట్టి చూపాను. "అదే" అన్నాడు మా అబ్బాయి.

అక్కడ రంధ్రం చేశాము. పన్నెండు అడుగుల లోతు. మొదటిసారి గాలం అడుగుదాకా దించి లాగితే కొక్కేనికి ఆకు వచ్చింది. పచ్చని ఆకు. అది చేతిలో పెట్టుకొన్నప్పుడు నాకు కలిగిన సంతోషం, పురుగు తిన్న తాళపత్రంలో పోయిన అక్షరం దొరికినప్పటి సంతోషానికి ఏ మాత్రం తీసిపోదు.

గాలం కర్ర చివర సన్నని తీగ ఒకటి, ఎర బరువుకు కొద్దిగా వంగి ఉన్నది. అది కిందికి లాగబడితే చేప పట్టినట్లని నేను కాచుకొని కూర్చున్నాను. కొంతసేపటికి ఆ తీగ కిందికి పోవడానికి బదులు, బరువు దిగినట్లు మెల్లగా పైకి లేచింది. ఎర జారిపోయిందేమోనని అనుకొన్నాను.

"లాగు నాన్నా!" అని మా అబ్బాయి కేక వేశాడు. లాగాను. చేతిలో ప్రాణం తొణికింది. అరచేతిని మించిన బ్లూగిల్ మంచుమీదికి వచ్చి, శీతకాలపు సూర్యకాంతిలో నీలంగా, పసుపుగా మెరిసింది.

"అది పైకి లేస్తే చేప పడిందని నీకెలా తెలుసురా?"

"చేప ఎరను నోట కరుచుకొని పైకి లేస్తే దారానికి బరువు ఉండదు. మన ఊళ్ళో అప్పుడు బెండు పడుకొంటుంది. బెండు మునగడం ఒక్కటే పిలుపు కాదు, పడుకోవడం కూడా పిలుపేనని చిన్నతాత చెప్పాడు."

ఆరో తరగతి నుండి తొమ్మిదో తరగతి దాకా వేసవి సెలవులకు వాడిని మా ఊరికి పంపేవాడిని. శతకపద్యాలు వల్లెవేయమని పుస్తకాలిచ్చి పంపేవాడిని. వాడు పద్యాలూ నేర్చుకొన్నాడు, తెల్లవారకముందే చిన్నాయన వెంట చెరువుకూ వెళ్ళాడు. నేను కోప్పడతానని ఎన్నడూ చెప్పలేదు. నేను కాలదన్నిన విద్య నా ఇంటిని విడిచిపోలేదు. నన్ను దాటి నా కొడుకు చేతికి చేరింది.

"నన్ను గురించి ఎప్పుడైనా ఏమైనా అన్నాడా?" అని అడగగలిగాను. ఆ ప్రశ్న ఇరవై ఏడేళ్ళుగా నాలో ఉన్నది.

మా అబ్బాయి కాసేపు గుర్తుచేసుకొన్నాడు. "ఒకసారి అన్నాడు. మీ నాయన తాటాకుల్లో మాట ఎతుకుతాడు, నేను నీళ్ళలో చేప ఎతుకుతా, ఇద్దరిదీ ఒకటే పనిరా అని."

నేను మాట్లాడలేకపోయాను. తాళపత్రంలో ఒక అక్షరం చెడిపోయినప్పుడు పరిష్కర్త తన ఇష్టం వచ్చిన మాటను అక్కడ పెట్టడు. ఆ చోటులో ఛందస్సు ఏమి కోరుతున్నది, సందర్భం ఏమి కోరుతున్నది, కవి అలవాటు ఏమిటి అని ఒకదాని వెనుక ఒకటి ప్రశ్నించుకొంటూ పోతాడు. తన కోరికను పక్కన పెట్టి, ఎదుటిదాని అవసరాన్ని అడిగి తెలుసుకొన్నప్పుడే పోయిన మాట దొరుకుతుంది. నా పరిశోధన మొత్తానికి ఆధారమైన ఈ పద్ధతి నాలుగో తరగతి చదివిన మా చిన్నాయనకు తెలుసు. అది నాకు తెలుసునని కూడా ఆయనకు తెలుసు. ఆయన విద్య నాకు తెలియలేదు, అంతే.

సాయంత్రందాకా ఇంకా పది పన్నెండు చేపలు పడ్డాయి. అక్కడి నిబంధన ప్రకారం సాధారణంగా ఒక్కొక్కరు ఇరవైకి మించి ఉంచుకోరాదు. కొన్ని సరస్సులలో అంతకంటె తక్కువే. మా అబ్బాయి మధ్యరకపు చేపలను ఏడింటిని ఉంచి, అన్నింటికంటె పెద్దదానిని రెండు చేతులా పట్టుకొని తిరిగి నీటిలోకి వదిలాడు. ఎండాకాలం మొదట్లో పెద్ద మగచేపలే గూళ్ళు చేసి గుడ్లను కాపాడతాయట. వాటిని పట్టేస్తే చిన్నవి ఎదగకముందే సంతానానికి సిద్ధపడి, తరతరానికి చేపల పరిమాణం తగ్గిపోతుందట. దీనికీ మా చెరువులో ఒక పాఠం ఉన్నది. వానాకాలంలో కొరమీను పిల్లలు ఎర్రని ముద్దగా నీటిపై కదులుతుంటే, తల్లిదండ్రులు కింద కాపలా తిరుగుతాయి. ఆ సమయంలో ఎర వేస్తే పిల్లలకు ఆపద వచ్చిందని భ్రమించి మీదపడతాయి. పట్టడం అతి సులువు. చిన్నాయన ఆ రోజులలో గాలం చూరులో దోపి ఉంచేవాడు.

ఆ రాత్రి చింతపండు పులుసులో ఆ ఏడు చేపలూ ఉడికాయి. మా కోడలు వడ్డిస్తుండగా మా అబ్బాయి, "మన ఏడు చేపల కథలో ఒక్కటీ ఎండలేదు నాన్నా" అని నవ్వించాడు.

ప్రియమైన విద్యార్థులారా! పుస్తకం ఒక చదువు. నీరు, మట్టి, మగ్గం, కొలిమి కూడా చదువులే. మీ ఇళ్ళలో బడికి వెళ్ళని పండితులు ఉండవచ్చు. వారు పెరటి దారిన వెళ్ళిపోకముందే వీధి గుమ్మంలోకి పిలిచి కూర్చోబెట్టండి. నావలె ఆలస్యం చేయకండి.

ఆ మే నెలలో మా ఊరు వెళ్ళినప్పుడు తెల్లవారకముందే చెరువు కట్టకు పోయాను. నీరు సగానికి తగ్గింది. పదేళ్ళ పిల్లవాడొకడు గాలం పట్టుకొని కూర్చున్నాడు. కాసేపు వాడి వెనుక నిలబడి, చివరకు అడిగాను:

"ఏం చూస్తున్నావు అబ్బయా?"

వాడు పెదవులమీద వేలు పెట్టి నన్ను మాట్లాడవద్దని సైగ చేశాడు. ఆ తరువాత కొంచెం పక్కకు జరిగి, కట్టమీద నాకు చోటిచ్చాడు. కూర్చున్నాను. నీటిమీద బెండు పడుకొన్నది.